చైనా వైద్యంలో ఇంట్లో చేసుకోదగ్గవి ఏవి? కప్పింగ్, గువాషా కిట్ కొనాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నలభై దాటాయి, రోజంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. పడుకున్నాక గంట దాకా నిద్ర రావడం లేదు. అప్పుడప్పుడు కడుపు ఉబ్బరం. డాక్టరుకు చూపించుకుంటే కంగారు పడాల్సిందేమీ లేదన్నారు. సూదులంటే భయం కాబట్టి ఆక్యుపంక్చర్ వద్దు. చర్మాన్ని గాలితో పైకి లాగే కప్పింగ్ కప్పులు, చర్మం మీద గీకే గువాషా రాయి, వెలిగించి వేడి పట్టే మోక్సా కడ్డీలు కలిపి ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ ఒకటి కార్టులో పెట్టుకున్నారు. కొనమంటారా, వద్దంటారా? షుగర్ ఉన్న మీ అత్తగారు కూడా వాడతానంటున్నారు, ఆవిడకు పర్వాలేదా?

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. చైనాలోని చెంగ్డూ నగరంలో కొన్నేళ్లు ఉండి అక్కడ తూయ్‌నా, అంటే చైనా వాళ్ల మర్దన వైద్యం, నేర్చుకుని ఆసుపత్రిలోనే పని చేశాను. ఇప్పుడు విజయవాడలో సొంత క్లినిక్. మీరు చెప్పిన మెడ, నిద్ర, కడుపు మూడూ కలిసి ఉన్నవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాను.

సూటిగా చెప్పాలంటే, కిట్ కొనకండి. మీకు ముందు కావాల్సినవి మూడు: పొద్దున పన్నెండు నిమిషాల బాదువాన్‌జిన్ వ్యాయామం, రాత్రి పడుకునే ముందు వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోవడం, వేలితో నొక్కుకునే నాలుగు బిందువులు. వీటికి పైసా ఖర్చు లేదు. గువాషా కావాలంటే వంటింట్లో ఉన్న గరిటో చెంచానో చాలు. కప్పింగ్ చేయించుకోవాలనుంటే చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర చేయించుకోండి, ఇంట్లో వద్దు. మోక్సా మీ అత్తగారి కాళ్ల దరిదాపులకు కూడా రానివ్వకండి. ఎందుకో కింద చెబుతాను. ఇక ఎండబెట్టిన మూలికల ప్యాకెట్లు, చైనా మాత్రలు: వాటి జోలికే పోవద్దు.

ముందు ఒక మాట. ఇవన్నీ ఒంటికి హాయినిచ్చే పద్ధతులు. జబ్బును నయం చేసేవి కావు. చైనాలోని సంప్రదాయ వైద్య ఆసుపత్రి అంటే చాలామంది ఏదో ఆశ్రమంలా ఊహించుకుంటారు. నేను పని చేసిన చోట కింది అంతస్తులో ఎక్స్‌రే, స్కానింగ్, రక్తపరీక్షలు. పైన తూయ్‌నా మంచాలు. మెడనొప్పి అని వచ్చినవాళ్లు సినిమా రీళ్లలాంటి ఆ ఫిల్ములు చేత్తో పట్టుకునే పైకి వచ్చేవారు. డాక్టరు వాటిని చూసి సరేనన్నాకే మా చెయ్యి పడేది. మన దగ్గర కొందరు 'చైనా వైద్యం చేయించుకుంటున్నాం కదా, ఇక ఇంగ్లీషు డాక్టరు ఎందుకు' అంటారు. అక్కడి డాక్టర్లెవరూ అలా అనగా నేను వినలేదు.

చీ అనే ప్రాణశక్తి గురించి, అది నడిచే దారుల గురించి కూడా మీరు అడిగారు. శరీరాన్ని కోసి చూస్తే ఆ దారులు కనపడవు. ఆ లెక్కలు రెండు వేల ఏళ్ల కిందటి మనుషులు తమకు తెలిసినదాన్ని ఒక క్రమంలో పెట్టుకున్న తీరు. నాకు పనిలో అవి పటంలా ఉపయోగపడతాయి, అంతవరకే. నొక్కినప్పుడు ఉపశమనం ఎందుకొస్తుందంటే కండరం సడలడం, నరాలకు వేరే సంకేతం అందడం, ఊపిరి నెమ్మదించడం, ఒక మనిషి శ్రద్ధగా చెయ్యి వేయడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. వీటిలో ఏది ఎంత అని విడదీసి చెప్పడం కష్టం.

బాదువాన్‌జిన్ ముందు

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ దాటేసేది ఇదే. కొనడానికి ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ ప్రకటనలు ఇవ్వరు.

ఇది ఎనిమిది కదలికల వ్యాయామం. సోంగ్ రాజుల కాలం నుంచే, అంటే ఎనిమిది వందల ఏళ్లకు పైగా, ఉంది. ఊరికో రకంగా చేసేవారు. 2003లో చైనా క్రీడా శాఖ వాటన్నింటినీ సరిచూసి ఒకే రూపం ఖాయం చేసింది. ఇప్పుడు వీడియోల్లో దొరికేది ఎక్కువగా అదే. పూర్తిగా చేస్తే పన్నెండు నిమిషాలు. చెంగ్డూలో రెన్‌మిన్ పార్కుకు పొద్దున్నే వెళ్తే ఒక మూల టీ తాగేవాళ్లు, ఇంకో మూల చెవులు శుభ్రం చేసేవాళ్లు (అది మాత్రం చేయించుకోకండి), మధ్యలో చిన్న స్పీకరు పెట్టుకుని డెబ్బై ఏళ్లవాళ్లు బాదువాన్‌జిన్ చేస్తూ కనిపిస్తారు. 2020లో వూహాన్‌లో కోవిడ్ తేలికగా ఉన్నవాళ్ల కోసం స్టేడియాల్లాంటి చోట్ల తాత్కాలిక ఆసుపత్రులు పెట్టినప్పుడు, మంచాల మధ్య సందుల్లో రోగుల చేత చేయించిన వ్యాయామాల్లో ఇదొకటి.

మీ మెడకు మొదటిది, రెండోది, నాలుగోది ముఖ్యం.

మొదటిదాంట్లో రెండు చేతుల వేళ్లు కలిపి పొట్ట ముందు నుంచి పైకి తెచ్చి, ఛాతీ దగ్గర తిప్పి, అరచేతులతో ఆకాశాన్ని ఎత్తినట్టు పైకి నెడతారు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు భుజాలను చెవుల దాకా లేపేయడం. మీ మెడ పట్టేసేదే భుజాలను లేపే ఆ కండరంతో. చేతులు పైకి వెళ్లాలి, భుజాలు కిందే ఉండాలి. మొదట్లో చేతులు పూర్తిగా చాపలేరు, ఫర్వాలేదు.

రెండోది విల్లు ఎక్కుపెట్టడం. కాళ్లు దూరంగా పెట్టి కొద్దిగా వంగి, ఒక చెయ్యి చాపి, ఇంకో చేత్తో తాడు లాగినట్టు మోచేతిని వెనక్కి తీయాలి. రోజంతా ముందుకు ముడుచుకుపోయిన ఛాతీ అప్పుడు తెరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కువ కిందికి దిగక్కర్లేదు.

నాలుగోది గుడ్లగూబలా వెనక్కి చూడటం. చేతులు పక్కలకు దించి, అరచేతులు బయటికి తిరిగేలా తిప్పుతూ, తల మాత్రం నెమ్మదిగా ఒక పక్కకు తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. 'మాత్రం' అన్న మాట గుర్తుపెట్టుకోండి. నా దగ్గరికొచ్చే బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ నెల రోజులు చేశాను, ఏమీ తేడా లేదన్నారు. ఒకసారి నా ముందు చేయమన్నాను. ఆవిడ తలతో పాటు నడుము కూడా తిప్పేస్తున్నారు. మెడ అసలు తిరగడమే లేదు. గోడకు పిరుదులు ఆనించి నిలబెట్టి మళ్లీ చేయించాను. సగం తిరిగేసరికి 'అబ్బా' అన్నారు. ఆ 'అబ్బా' దగ్గర ఆగి, ఊపిరి వదిలి, వెనక్కి రావాలి. అక్కణ్నుంచి ముందుకు నెట్టకూడదు.

మూడోది కడుపుకు మంచిదంటారు. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి ఒకేసారి నెట్టడం. పక్కటెముకల కింద సాగుతుంది, ఉబ్బరంగా ఉన్నప్పుడు హాయిగానే ఉంటుంది. అయిదోదాంట్లో నడుము ఊపుతారు, ఏడోదాంట్లో పిడికిళ్లు బిగించి గుద్దుతారు. వాటిని వీడియో చూసి చేసుకోవచ్చు. ఆరోది ముందుకు వంగి పాదాలు పట్టుకోవడం. బీపీ అదుపులో లేనివాళ్లు, కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్లు, డిస్కు సమస్య ఉన్నవాళ్లు మోకాళ్ల దాకా వంగి ఆగిపోవాలి. చివరిదాంట్లో మునివేళ్ల మీద లేచి మడమలు కిందికి వదులుతారు, ఏడుసార్లు. దబ్బున కొట్టమని కొన్ని వీడియోల్లో చెబుతారు. ఎముకలు బోలుగా ఉన్న పెద్దవాళ్లు అలా చేయకూడదు, మెత్తగా దించాలి.

నెమ్మది కదలికల చైనా వ్యాయామం తాయ్‌చీ ఎందుకు కాదు అంటారేమో. మంచిదే. ముఖ్యంగా పెద్దవాళ్లు కింద పడిపోకుండా ఉండటానికి అది ఉపయోగపడుతుందని గట్టి ఆధారాలే ఉన్నాయి. కానీ తేలిక చేసిన 24 భంగిమల రూపం నేర్చుకోవడానికి కూడా నెలలు పడుతుంది, దగ్గరుండి దిద్దే మనిషి కావాలి. బాదువాన్‌జిన్ వారంలో వచ్చేస్తుంది. మీ అత్తగారికి కూడా ఇదే మొదలుపెట్టించండి, పక్కన కుర్చీ ఒకటి పెట్టి.

రాత్రి కాళ్లకు వేడినీళ్లు

చైనాలో ఇది వైద్యం కింద లెక్క కూడా కాదు, మనం పడుకునే ముందు కాళ్లు కడుక్కున్నట్టే. కాకపోతే వాళ్లు పిక్కల దాకా మునిగే చెక్క బకెట్లో పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చుంటారు. నీళ్లు 40 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. థర్మామీటరు లేకపోతే మోచెయ్యి పెట్టి చూడండి, పసిపిల్లలకు స్నానం పోసేముందు చూస్తామే అలా. అల్లం ముక్కలు వేయండి, వేయకపోండి, పెద్ద తేడా ఉండదు. వాసన బాగుంటుంది.

నిద్రకు ఇది పనికొస్తుందని నేను నమ్మకంగా చెబుతాను, కారణం కూడా తెలుసు. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొద్దిగా దిగాలి. పాదాలు వెచ్చబడితే అక్కడి రక్తనాళాలు వెడల్పై ఆ వేడి బయటికి పోతుంది. కాళ్లు వెచ్చగా ఉన్నవాళ్లకు త్వరగా నిద్ర పడుతుందని 1999లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. పడుకోవడానికి గంట ముందు చేసుకోండి. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ పక్క గదిలో పెట్టండి. సగం ఫలితం దానివల్లే వస్తుందని నా అనుమానం.

షుగర్ ఉన్నవాళ్లకు జాగ్రత్త. కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే నీళ్లు మరుగుతున్నా తెలియదు. మీ అత్తగారు చేసుకోవాలనుకుంటే ముందు డాక్టరుకు పాదాలు చూపించి, ఆయన సరేనంటే, నీళ్ల వేడి మీరు చూసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు, పది నిమిషాలు మాత్రమే. తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడవాలి. కాలి మీద పుండు, పగుళ్లు ఉంటే అసలు వద్దు. పిక్కల్లో నరాలు ఉబ్బి కనిపించేవాళ్లు కూడా వేడినీళ్లకు దూరంగా ఉండాలి.

నాలుగు బిందువులు చాలు

ఆక్యుప్రెషర్ చార్టులో మూడు వందల అరవై చుక్కలు చూసి భయపడకండి. కొలతలకు టేపు అక్కర్లేదు, ఎవరి వేళ్లు వారికి కొలత. చైనా వాళ్ల కొలత త్సున్. మీ నాలుగు వేళ్లు జోడించిన వెడల్పు మూడు త్సున్‌లు, బొటనవేలి వెడల్పు ఒకటి. అందుకే పొడుగువాళ్లకూ పొట్టివాళ్లకూ లెక్క కుదురుతుంది.

మెడకు ఫెంగ్‌చి. తల వెనక పుర్రె అంచు కింద, మెడ మధ్యలో ఉండే రెండు లావు కండరాలకు బయటి పక్క గుంటల్లా తగులుతాయి. రెండు బొటనవేళ్లు అక్కడ ఆనించి, తలను కొంచెం వెనక్కి వాల్చి, తల బరువే నొక్కుడుగా మారేలా చూడాలి. వేళ్లతో బలం పెట్టక్కర్లేదు.

నిద్రకు షెన్‌మెన్. మణికట్టు ముడత మీద, చిటికెన వేలి వైపు చివర్లో చిన్న పల్లం. దీని గురించి పెద్ద హామీలు ఇవ్వను. కానీ మంచం మీద పడుకుని, ఫోన్ పట్టుకోవాల్సిన చేత్తో మణికట్టు పట్టుకుని ఊపిరి లెక్కపెట్టుకోవడం ఎవరికైనా మేలే.

కడుపుకు జూసాన్‌లీ. మోకాలి చిప్ప కింద బయటి గుంట నుంచి నాలుగు వేళ్లు కిందికి, ముందు ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి. సరిగ్గా దొరికితే నొక్కగానే బరువుగా, జివ్వుమన్నట్టుగా పాదం వైపు దిగుతుంది. చుర్రున మంట పుడితే అది కాదు, కొంచెం జరపండి.

వికారానికి నేయ్‌గ్వాన్. ముంజేతి లోపలి పక్క, మణికట్టు ముడత నుంచి మూడు వేళ్లు పైకి, పిడికిలి బిగిస్తే పైకి తేలే రెండు నరాల మధ్య (అవి నిజానికి కండరాల తాళ్లు). వీటన్నింటిలో ఎక్కువ పరీక్షలకు నిలిచింది ఇదే. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతులను ఇది తగ్గిస్తుందని, వికారం మందులతో పోల్చదగ్గ ఫలితమేనని అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2015లో తేల్చింది. బస్సు ప్రయాణాల విషయంలో అంత గట్టి ఆధారం లేదు. అయినా అరకు ఘాట్ రోడ్డులో మలుపుకో కవర్ వెతుక్కునేవాళ్లకు నేను చెబుతూనే ఉంటాను. కొందరికి పనిచేస్తుంది, పనిచేయకపోతే పోయేదేమీ లేదు.

గోరు తగలకుండా వేలి కండతో, ఒక్కోచోట నిమిషం, రెండు నిమిషాలు. కమిలిపోయేలా నొక్కితే ఎక్కువ ఫలం వస్తుందనేది అపోహ. చెంగ్డూలో మా గురువుగారు మేం బలం చూపించినప్పుడల్లా మా మోచేతి మీద వేలితో తట్టేవారు. గర్భిణులు బొటనవేలు, చూపుడువేలి మధ్య ఉండే హగూ, చీలమండ పైన లోపలి పక్క ఉండే సాన్‌యిన్‌జ్యావ్, భుజాల మీది బిందువు నొక్కకూడదని సంప్రదాయమే చెబుతుంది. ఆధారం ఎంత ఉన్నా లేకపోయినా ఆ నియమం పాటిస్తే నష్టం లేదు.

మన ఊళ్లలో వేళ్లకు మెంతులు పెట్టి ప్లాస్టర్ వేసే వైద్యం కూడా చైనాదే అనుకుంటున్నారు మీరు. అది సుజోక్, కొరియా వాళ్లది. చైనా పద్ధతిలో గింజలు అతికించేది చెవికి.

గువాషా, కప్పింగ్

గువాషా అంటే నూనె రాసి, గుండ్రటి అంచున్న వస్తువుతో చర్మాన్ని ఒకే దిక్కుకు గీకడం. పచ్చరాయి, గులాబీరాయి అని వేలు పోయక్కర్లేదు. చైనా ఇళ్లలో ముసలమ్మలు పింగాణీ చెంచాతోనే చేస్తారు. కొబ్బరినూనె బాగా రాసి, చెంచాను బాగా వాల్చి పట్టుకుని, మెడ పక్క నుంచి భుజం చివరికి లాగాలి. వెన్నుపూస ఎముకల మీద వద్దు, మెడ ముందు భాగంలో అసలు వద్దు. కాసేపటికి ఎర్రటి చుక్కలు తేలుతాయి. చుక్కలు రాలేదని ఇంకా గట్టిగా గీకకండి, కొందరికి రావు. అవి పోవడానికి రెండు నుంచి అయిదు రోజులు పడుతుంది. అవి పోయేదాకా అదే చోట మళ్లీ చేయకూడదు. ముఖం సన్నబడుతుందన్న రీల్స్ నమ్మకండి. మర్దనకు వాపు కాసేపు దిగుతుంది, మళ్లీ వస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: పిల్లలకు చేయకండి. వీపు మీద చారలు చూసి కొట్టారేమోనని బళ్లో అనుమానించి ఫిర్యాదు చేసిన సందర్భాలు అక్కడి ఆసియా కుటుంబాలకు ఎదురయ్యాయి.

కప్పింగ్ 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీది గుండ్రటి మచ్చలతో అందరి నోటా పడింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, యునానీలో హిజామా ఉంది. అయితే హిజామాలో ఎక్కువగా చర్మం మీద గాట్లు పెట్టి రక్తం తీస్తారు. అది శుభ్రమైన చోట, శిక్షణ ఉన్న చేతుల్లోనే జరగాలి. నేను చేసేది పొడి కప్పింగ్, కప్పు పెట్టి గాలి లాగడం, అయిదు నుంచి పది నిమిషాలు. బిగుసుకున్న భుజాలకు ఆ రోజుకు, ఆ మర్నాటికి హాయిగా ఉంటుంది. మచ్చ ఎంత నల్లగా ఉంటే అంత విషం బయటికి వచ్చినట్టు అని చెబుతారు. విషం కాదు, పాడూ కాదు. చర్మం కింద సన్నని రక్తనాళాలు చిట్లి రక్తం ఇంకడం, అంతే. వారం, పది రోజులు ఉంటుంది. మా దగ్గర ఒక కుర్రాడు పెళ్లి ముందు అలసట పోతుందని వేరేచోట చేయించుకున్నాడు. పెళ్లికొడుకుని చేసి నలుగు పెట్టడానికి చొక్కా విప్పిస్తే వీపు నిండా నల్లటి బిళ్లలు. ఇదేమి జబ్బో అని ఆడపెళ్లివారిలో గుసగుసలు. తర్వాత ఆ ఫోటోలు తీసేయించుకోవడానికి పడ్డ పాట్లు వాడే చెప్పాడు.

ఇంట్లో ఎందుకు వద్దంటున్నానంటే, పంపుతో లాగే కప్పు ఎంత లాగిందో మన వీపు మీద మనకు కనపడదు. ఎక్కువైతే నీటి బొబ్బలు వస్తాయి. మంటతో పెట్టే గాజు కప్పులైతే చెప్పక్కర్లేదు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు గువాషా గానీ కప్పింగ్ గానీ చేయించుకోకూడదు. స్టెంటు వేయించుకుని మందులు మింగుతున్నవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి. చాలామంది చెప్పరు.

మోక్సా

ఇది ఎండబెట్టి దంచిన ఆకు దూదిని కడ్డీలా చుట్టి, వెలిగించి, చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని వేడి ఇవ్వడం. ఆ ఆకు మనకు పరాయిది కాదు. వినాయక చవితికి ఏకవింశతి పత్రి పూజలో మొట్టమొదట వేసే మాచిపత్రి ఆ జాతి మొక్కే. వాసన కూడా దగ్గరగా ఉంటుంది. చెంగ్డూలో చలికాలం తేమకు కీళ్లు పట్టేసినవాళ్లు దీనికోసం వరుసలో కూర్చునేవారు, గదంతా పొగ. నిజంగా హాయిగా ఉంటుంది. కానీ మన ఊళ్లో మే నెలలో ఎవరికి కావాలి చెప్పండి?

వాతావరణం సంగతి అలా ఉంచితే అసలు భయం కాలడం. షుగర్ ఉన్న ఒక పెద్దాయనకు కొడుకు ప్రేమగా మోక్సా పెట్టె తెప్పించి, కాళ్ల తిమ్మిర్లు తగ్గుతాయని పాదానికి కట్టాడు. ఆయనకు వేడి తెలియలేదు. వెచ్చగా ఉందా నాన్నా అంటే లేదన్నాడట, అందుకని ఇంకాసేపు ఉంచారు. మర్నాడు పొద్దున పాదం పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ. ఆ పుండు మానడానికి వారాలు పట్టింది, ఆ తర్వాతే నడక సరిచేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. తిమ్మిర్లు ఉన్న కాలికి వేడి పెట్టడం అంటే ఇదే. మీ అత్తగారి విషయంలో అంత గట్టిగా చెప్పింది అందుకే. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఆ పొగ వాళ్లకూ ఇబ్బందే.

తిండి, మూలికలు

తిండి గురించి చైనా వాళ్లు చెప్పేది వింటే మన నాయనమ్మ మాట్లాడినట్టే ఉంటుంది. ఇది వేడి చేస్తుంది, అది చలవ చేస్తుంది. ఎండాకాలం పెసల నీళ్లు, ఒంట్లో బాగోలేనప్పుడు గంజి, బాలింతకు బెల్లం వేసిన షియావోమీ జావ. షియావోమీ అంటే మన కొర్రలే. కాబట్టి ఉబ్బరానికి చైనా టీ పొడులు తెప్పించుకోకుండా, రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు బదులు ఏడున్నరకు, పలుచగా ఒక కొర్రల జావ తాగి చూడండి. నా అనుభవంలో ఐటీ వాళ్ల ఉబ్బరానికి సగం కారణం భోజనం వేళే.

మూలికల విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు కలిపిన మాత్రలు వాడిన వంద మందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత మూత్రనాళంలో క్యాన్సర్లు వచ్చాయి. ఒక మూలికకు బదులు దాని పేరుకు దగ్గరగా ఉన్న ఇంకోటి కలిసింది, దాంట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. మన ఈశ్వరి వేరులోనూ అదే ఆమ్లం ఉంటుంది కాబట్టి ఇది చైనా తప్పు, మనవి మంచివి అనుకోవడానికి లేదు. చైనా కషాయాల్లో ఎక్కువగా పడే అతిమధురం కూడా రోజూ మోతాదు మించితే బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది. బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

అలాగని మూలికల్లో ఏమీ లేదనను. మలేరియాకు ఈరోజు ప్రపంచమంతా వాడుతున్న ఆర్టెమిసినిన్ మాచిపత్రి జాతి మొక్క నుంచే వచ్చింది. దానికి చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారికి 2015లో నోబెల్ ఇచ్చారు. ఆవిడ నాలుగో శతాబ్దపు గ్రంథంలో ఒక వాక్యం చదివి, మొక్కను మరిగించకుండా తక్కువ వేడిలో సారం తీసి, ముందు జంతువుల మీద, తర్వాత తన మీద పరీక్షించుకున్నారు. ఆ పరీక్షలన్నీ జరిగాక అది మందు అయింది. ఆన్‌లైన్ ప్యాకెట్ మీద అలాంటిదేమీ జరగలేదు.

మిగిలిన చిన్న ప్రశ్నలు

రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఊపిరితిత్తుల్లో దోషం, ఒంటిగంటకైతే కాలేయం అనే వాట్సాప్ గడియారం పంపారు. ఆ పట్టిక పాతదే, వాళ్ల సంప్రదాయంలో ఉన్నదే. కానీ దాన్ని పట్టుకుని కాలేయానికి మందులు వేసుకోకండి. మూడింటికి లేచేవాళ్లలో నేను ఎక్కువగా చూసేది సాయంత్రం కాఫీ, టెన్షన్, బాత్రూమ్.

మెడ టక్కుమనిపించడం: క్షౌరశాలలో గానీ, మసాజ్ సెంటర్లో గానీ, యూట్యూబ్ చూసి ఇంట్లో గానీ వద్దు. మెదడుకు వెళ్లే రక్తనాళాల్లో రెండు మెడ ఎముకల్లోంచే వెళ్తాయి. గబుక్కున తిప్పినప్పుడు వాటి గోడ చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అరుదే, కానీ అరగంట హాయి కోసం తీసుకోవాల్సిన రిస్కు కాదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? మన దేశంలో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా విధానంగా కేంద్రం 2019లో గుర్తించింది గానీ, వారాంతంలో కోర్సు చేసి బోర్డు తగిలించినవాళ్లూ ఉన్నారు. నేనైతే ఒకటే చూస్తాను: మీరు వాడే మందుల చిట్టా అడగకుండా చెయ్యి వేసేవాళ్ల దగ్గర ఆగను. బీపీ, షుగర్ మందులు ఆపేయమన్నవాళ్ల దగ్గర చెప్పులు వేసుకుని లేచి వచ్చేస్తాను.

ఇక మీకు. మెడ కోసం బాదువాన్‌జిన్, నిద్ర కోసం కాళ్లకు నీళ్లు, ముందు ఈ రెండే నెల రోజులు చేయండి, బిందువులు ఆ తర్వాత. ఒకేసారి అన్నీ మొదలుపెడితే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ఆ కిట్ డబ్బుతో ఏదైనా కొనాలనే ఉంటే ల్యాప్‌టాప్ స్టాండు, విడి కీబోర్డు కొనండి. మీ భుజాలను పైకి లాగుతున్నది ఆ స్క్రీన్ ఎత్తే.

మీరు ప్రశ్నలో రాయని సంగతి ఒకటుంది. మెడనొప్పితో పాటు చేతి వేళ్లలో తిమ్మిరి గానీ, గ్లాసు పట్టుకుంటే జారిపోవడం గానీ, నడకలో తూలడం గానీ ఉందా? డాక్టరుకు చూపించుకున్నప్పుడు ఇవి చెప్పారా? ఉంటే పైన రాసినవేవీ మొదలుపెట్టకండి, ముందు న్యూరో డాక్టరును కలవండి. లేకపోతే ఏ వైపు తిప్పితే ఎక్కువ పట్టేస్తోందో కింద రాయండి, దాన్ని బట్టి గుడ్లగూబ కదలికను మీకు తగినట్టు ఎలా మార్చుకోవాలో చెబుతాను.